తిరుపతి, చిత్తూరు నుంచి ఇంజనీరింగ్, ఐటీలో పిహెచ్‌డీ: దరఖాస్తుకు ముందు నుంచి వైవా దాకా

పిహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు మొదట అడిగేది ఎంట్రన్స్ గురించే. సిలబస్ ఏమిటి, కటాఫ్ ఎంత, ఏ పుస్తకం చదవాలి? సీటు వచ్చాక గైడ్‌ను వెతుక్కుంటారు, గైడ్ దొరికాక ఆయన చెప్పిన టాపిక్ తీసుకుంటారు. నాలుగో ఏడాదిలో చేతులెత్తేసే పరిస్థితికి విత్తనం పడేది ఇక్కడే. అందుకే ఈ మార్గదర్శిలో వరస తిప్పి ఇస్తున్నాం. ముందు ప్రశ్న, దాంతోపాటే గైడ్, పరీక్ష ఆ తర్వాత.

## 1. ఎక్కడ చేరాలి, ఏ పద్ధతిలో చేరాలి

తిరుపతి చుట్టుపక్కల దారులు చాలానే ఉన్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కళాశాల, మహిళలకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ, రంగంపేట వైపు మోహన్‌బాబు యూనివర్సిటీ. చిత్తూరు వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా జేఎన్‌టీయూ అనంతపురం వైపు చూస్తారు. చిత్తూరు నుంచి వెల్లూరు వీఐటీ కూడా దగ్గరే.

యూనివర్సిటీలు నడిచేది యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 పిహెచ్‌డీ నిబంధనల మీద. ఐఐటీకి సొంత ఆర్డినెన్సులు ఉంటాయి. కాబట్టి స్నేహితుడి యూనివర్సిటీలో ఉన్న రూలు మీకూ ఉంటుందని అనుకోవద్దు. చేరే సంస్థ పిహెచ్‌డీ రెగ్యులేషన్స్ పీడీఎఫ్ దించుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. ఒక సాయంత్రం పని అది.

యూజీసీ లెక్క ప్రకారం కోర్సు వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2 ఏళ్లు దొరకొచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల సడలింపు ఉంది, మొత్తం 10 ఏళ్లు దాటకూడదు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం వ్యవధిలో 240 రోజుల దాకా తీసుకోవచ్చు.

పార్ట్‌టైమ్‌కు అనుమతి ఉంది. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పిహెచ్‌డీకి లేదు. "ఇంట్లోనే కూర్చుని పిహెచ్‌డీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) 42,000 రూపాయలు. నెట్-జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు, ఐఐటీలో సంస్థ ఫెలోషిప్ మీద చేరినవాళ్లకు ఈ స్థాయిలో అందుతుంది. రాష్ట్ర యూనివర్సిటీలో ఫెలోషిప్ లేకుండా ఫుల్‌టైమ్ చేరితే నెలనెలా చేతికి ఏమీ రాకపోవచ్చు. చేరాక అడిగితే లాభం లేదు, ఇంటర్వ్యూకు ముందే అడగండి.

## 2. అర్హత, కాగితాలు

ఎంటెక్ లేదా తత్సమాన పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్-క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు. నాలుగేళ్ల బీటెక్‌తోనే చేరాలంటే యూజీసీ నిబంధన ప్రకారం 75 శాతం కావాలి. ఐఐటీలు నేరుగా బీటెక్ నుంచి తీసుకోవడానికి పెట్టే షరతులు వేరుగా, ఎక్కువ కఠినంగా ఉంటాయి.

ఫైల్‌లో ముందే పెట్టుకోవాల్సినవి:

- పదో తరగతి నుంచి పీజీ దాకా మార్కుల మెమోలు, ఒరిజినల్ డిగ్రీలు (ప్రొవిజనల్ మీద కాలం గడుపుతుంటే ఓడీకి ఇప్పుడే దరఖాస్తు చేయండి)
- సీజీపీఏను శాతంలోకి మార్చే సూత్రం, మీ యూనివర్సిటీ ఇచ్చిన కాగితం మీద
- టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్
- కుల ధ్రువపత్రం. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ అయితే కేంద్ర సంస్థలకు ఆ సంస్థ అడిగిన నమూనాలో, అడిగిన ఆర్థిక సంవత్సరానిది
- ఉద్యోగంలో ఉంటే ఎన్‌వోసీ

ఎన్‌వోసీ దగ్గర ఆగి చూడండి. "మాకు అభ్యంతరం లేదు" అన్న ఒక్క లైను సరిపోదు. అందులో మూడు సంగతులు ఉండాలి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఇచ్చినట్టు, పరిశోధనకు తగినంత సమయం దొరికేలా ఉద్యోగ విధులు ఉన్నట్టు, కోర్సు వర్క్ కోసం అవసరమైతే విధుల నుంచి రిలీవ్ చేస్తామని. ఐటీ కంపెనీల హెచ్‌ఆర్ ఇచ్చే రెడీమేడ్ లెటర్‌లో చాలాసార్లు మూడోది ఉండదు. డ్రాఫ్ట్ మీరే రాసి పంపితే పని తొందరగా అవుతుంది.

## 3. గైడ్‌ను ఎంచుకోవడం

దీనికి కనీసం రెండు నెలలు పెట్టుకోండి. పేరు చూసి కాదు, ఈ వరసలో చూడండి.

మొదట ఖాళీ. యూజీసీ లెక్కలో ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4గురు స్కాలర్లు మాత్రమే ఉండొచ్చు. జాబితా నిండిపోతే మీరు ఎంత మంచివారైనా చోటు ఉండదు.

రెండోది సర్వీసు. రిటైర్మెంట్‌కు మూడేళ్లకన్నా తక్కువ ఉన్న అధ్యాపకులు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. నాలుగేళ్లు ఉన్నా, మీరు పార్ట్‌టైమ్ అయితే ఆయన వెళ్లిపోయే నాటికి మీ పని సగంలో ఉంటుంది. అప్పటికి కో-గైడ్ ఎవరన్నది మొదటి రోజే అడగాలి. అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఇదే, తర్వాత ఎక్కువ ఏడిపించేదీ ఇదే.

మూడోది, పాత స్కాలర్ల చరిత్ర. శోధ్‌గంగలో (దేశంలోని పిహెచ్‌డీ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) గైడ్ పేరుతో వెతికితే ఆయన దగ్గర పూర్తయిన థీసిస్‌లు కనిపిస్తాయి. రెండు తెరవండి. ముందు పేజీల్లో రిజిస్ట్రేషన్ ఏడాది ఉంటే సమర్పించిన ఏడాదితో పోల్చండి. చివర్న ప్రచురణల జాబితా ఉంటుంది, అవి ఏ పత్రికలో చూడండి. ఆ తర్వాత ప్రస్తుత స్కాలర్లు ఇద్దరితో క్యాంటీన్‌లో టీ తాగుతూ మాట్లాడండి. వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, ల్యాబ్ పని కాకుండా ఇంకేమైనా చేయిస్తారా? జవాబు కన్నా జవాబు చెప్పే తీరు ఎక్కువ చెబుతుంది.

తొలి ఈమెయిల్ ఎలా ఉండాలి? "రెస్పెక్టెడ్ సార్, మీ పరిశోధనపై నాకు ఆసక్తి ఉంది" అన్న మెయిల్ వాళ్లకు రోజూ వస్తుంది, చదవరు. 150 నుంచి 200 మాటల్లో నాలుగు సంగతులు పెట్టండి: మీ చదువు ఒక వాక్యంలో; ఆయన పేపరు ఒకటి చదివి మీకు వచ్చిన నిర్దిష్ట సందేహం; మీరు చేసిన పనికి లింకు (కోడ్ లేదా ఎంటెక్ రిపోర్టు); 20 నిమిషాలు కలవడానికి వీలవుతుందా అన్న అడుగు. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. ఆ తర్వాత డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి కలవడమే మేలు. అదే మెయిల్‌ను 20 మందికి ఒకే "టు" లైనులో పంపితే మాత్రం 20 తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి.

## 4. ప్రశ్నను చిన్నది చేయడం

"మామిడి ఆకుల తెగుళ్లను డీప్ లెర్నింగ్‌తో గుర్తించడం." చిత్తూరు ప్రాంతం నుంచి వచ్చే ప్రపోజల్స్‌లో ఇలాంటిది కనిపించకపోతే ఆశ్చర్యం. ఇది టాపిక్ మాత్రమే. ప్రశ్న ఇంకా పుట్టలేదు.

ఈ రంగంలో అందరూ ఎత్తుకునే ప్లాంట్‌విలేజ్ డేటాసెట్‌నే చూడండి. 14 పంటలు, 54 వేల పైచిలుకు ఫొటోలు. అందులో మామిడి లేదు. ఫొటోలన్నీ ఆకును తెంపి, సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవి. దాని మీద 2016లో వచ్చిన ప్రసిద్ధ పేపరులో మోడల్ కచ్చితత్వం 99 శాతం దాటింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇచ్చేసరికి 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ సంగతి ఆ పేపరులోనే రాశారు. తర్వాత వచ్చిన ఎన్నో పేపర్లు 99ని 99.4 చేయడానికి పోటీపడ్డాయి. అసలు ప్రశ్న ఆ పడిపోవడంలో ఉంది.

దాన్ని ఇలా బిగించవచ్చు: "చిత్తూరు జిల్లా తోటల్లో ఫోన్‌తో తీసిన తోతాపురి ఫొటోల మీద, ఒక తోటలో నేర్చుకున్న మోడల్ మరో తోటలో ఎక్కడ తప్పుతుంది? కొత్త తోట నుంచి 50 లేబుళ్లే (ఏ తెగులో గుర్తించి రాసిన ఫొటోలు) ఇస్తే ఆ తప్పు ఎంత తగ్గుతుంది?" ఇప్పుడు కొలిచేది ఏమిటో, పోల్చేది దేనితోనో, ఫలితం తలకిందులైనా రాయడానికి ఏముంటుందో తెలుస్తోంది.

ఇక్కడే క్యాలెండర్ కూడా చూడాలి. మామిడి పూత డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. పూత మీద బూడిద తెగులు ఫొటోలు ఆ కాలంలోనే దొరుకుతాయి. జులైలో చేరి, డిసెంబరు నాటికి తోటల యజమానుల అనుమతి, ఫోన్లు, లేబుల్ చేసేవాళ్లు సిద్ధం కాకపోతే ఒక ఏడాది పోయినట్టే. లేబుళ్లు మీరే వేయకండి. ఎస్వీ వ్యవసాయ కళాశాల లాంటి చోట తెగుళ్ల నిపుణులు ఇద్దరిని అడిగి, ఒకరివి ఒకరు చూడకుండా వేయించండి. ఇద్దరికీ ఎంత పొత్తు కుదిరిందో కప్పా (పొత్తును కొలిచే గణాంకం) విలువతో చూపండి.

టాపిక్ ఏదైనా ఈ ఐదింటికి రెండేసి వాక్యాల్లో జవాబు రాయగలగాలి:

- ఇప్పటిదాకా ఎవరు ఎంతవరకు చేశారు?
- ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది?
- డేటా లేదా పరికరం నా చేతికి ఎప్పుడు వస్తుంది?
- ఏ సంఖ్య మారితే నేను గెలిచినట్టు?
- ఆ సంఖ్య మారకపోతే ఏం రాస్తాను?

ఐదోదానికి జవాబు లేకపోతే ప్రశ్న మార్చండి. మాటలు రికార్డు చేసే పని, రోగుల వివరాలతో పని అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వక సమ్మతి డేటా తీసుకోవడానికి ముందే ఉండాలి. తర్వాత తెచ్చిన అనుమతి పాత రికార్డింగులకు పనికిరాదు.

## 5. పరీక్ష, ఇంటర్వ్యూ

గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. యూజీసీ నెట్ సాధారణంగా జూన్, డిసెంబరు దఫాల్లో. నెట్‌లో కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్ సైన్స్ ఉన్నాయి గానీ సివిల్, మెకానికల్ లాంటివి లేవు. ఆ బ్రాంచీలవాళ్లకు గేటే ఆధారం. రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీఆర్‌సెట్ (రాష్ట్ర పిహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) నోటిఫికేషన్ కోసం ఉన్నత విద్యామండలి వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. జేఆర్‌ఎఫ్ లేకుండా నెట్ స్కోరుతో పిహెచ్‌డీ అడ్మిషన్‌కు వెళ్తే 70 శాతం వెయిటేజీ స్కోరుకు, 30 ఇంటర్వ్యూకు. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది.

యూనివర్సిటీ సొంతంగా పెట్టే ఎంట్రన్స్‌లో సగం రీసెర్చ్ మెథడాలజీ ఉంటుంది. సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లు దీన్ని పక్కన పెట్టి దెబ్బతింటారు. శాంప్లింగ్, హైపోథెసిస్ టెస్టింగ్, టైప్-1, టైప్-2 తప్పులు, రిగ్రెషన్, ప్రయోగ రూపకల్పన: ఇవి నాలుగు వారాల్లో పట్టుబడతాయి.

ఇంటర్వ్యూలో అడిగేది ఎక్కువగా పునాదులే. డీప్ లెర్నింగ్ చేస్తానన్నవారిని ఐగెన్ విలువ అంటే ఏమిటో బోర్డు మీద చూపమంటారు, నెట్‌వర్క్స్ అన్నవారిని టీసీపీ రద్దీ నియంత్రణ వివరించమంటారు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, మీ బ్రాంచిలో రెండు కోర్ సబ్జెక్టులు చేత్తో లెక్కలు చేసి సిద్ధం కండి. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసిన చోటి నుంచి ఆలోచించడం మొదలుపెట్టండి. వాళ్లు చూసేది అదే.

## 6. మొదటి ఏడాది

కోర్సు వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో పరిశోధన, ప్రచురణ నైతికత తప్పనిసరి, 55 శాతం రావాలి. దీని గురించి ఎక్కువ ఆందోళన అక్కర్లేదు. గైడ్ చెప్పాడని తేలిక కోర్సులు తీసుకోవద్దు, అంతే. మీకు రాని గణితం నేర్పే కోర్సు ఒకటి తప్పక తీసుకోండి.

చదివిన ప్రతి పేపరుకు స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరస: ప్రశ్న, డేటా, పద్ధతి, ఫలితం, వాళ్లు చెప్పని లోపం, నా పనికి ఉపయోగం. చివరి రెండు గళ్లు ఖాళీగా ఉంటే ఆ పేపరు చదవనట్టే లెక్క. రెఫరెన్సులకు జోటెరో, రాతకు లాటెక్, కోడ్‌కు గిట్ మొదటి వారంలోనే పెట్టుకోండి. ప్రభుత్వ సంస్థల్లో చేరినవారికి 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ద్వారా 13 వేల దాకా జర్నల్స్ ఉచితంగా అందుతున్నాయి. లైబ్రరీలో లాగిన్ అడిగి తీసుకోండి.

ప్రతి సెమిస్టర్‌కూ సలహా కమిటీ ముందు ప్రజెంటేషన్ ఉంటుంది. కమిటీ ఏమందో అదే రోజు మెయిల్‌లో రాసి గైడ్‌కు, సభ్యులకు పంపండి. రెండేళ్ల తర్వాత "ఈ దిశలో ఎందుకు వెళ్లావు?" అని ఎవరైనా అడిగితే ఆ మెయిలే మీ సాక్షి.

## 7. ప్రయోగాల్లో ఎక్కువ మంది పడే గుంటలు

మామిడి ఉదాహరణే తీసుకుందాం. ఒకే ఆకును మూడు కోణాల్లో తీశారు. ఫొటోలన్నీ కలిపి 80:20గా యాదృచ్ఛికంగా విడగొట్టారు. ఒక కోణం ట్రైనింగ్‌లోకి, ఇంకోటి టెస్ట్‌లోకి వెళ్తుంది. మోడల్ తెగులును కాక ఆ ఆకునే గుర్తుపడుతుంది. కచ్చితత్వం 98, వైవాలో మౌనం.

దీనికి మందు: విభజన ఫొటో స్థాయిలో వద్దు, తోట స్థాయిలో చేయండి. 10 తోటలుంటే 9తో నేర్పి పదోదాని మీద పరీక్షించండి, అలా పదిసార్లు. ఆగ్మెంటేషన్, నార్మలైజేషన్ విలువల లెక్క విభజన తర్వాతే, ట్రైనింగ్ భాగం మీదే. టెస్ట్ భాగాన్ని చూసి లెర్నింగ్ రేటు మార్చకండి, అందుకు వాలిడేషన్ భాగం వేరే ఉండాలి.

ఇంకొన్ని:

- ఒక్క రన్ ఫలితం రాయవద్దు. కనీసం 5 సీడ్‌లతో (యాదృచ్ఛిక ఆరంభ సంఖ్యలు) నడిపి సగటు, ప్రామాణిక విచలనం ఇవ్వండి. తేడా 0.3 శాతం, విచలనం 0.5 అయితే మీరు గెలవలేదు.
- తెగులు ఫొటోలు తక్కువ, ఆరోగ్యమైనవి ఎక్కువ అయినప్పుడు కచ్చితత్వం మోసం చేస్తుంది. ప్రతి వర్గానికీ ఎఫ్1 (వదిలేసినవి, తప్పుగా పట్టినవి రెండూ లెక్కించే కొలత) చూపండి.
- పోల్చే బేస్‌లైన్‌కూ మీ మోడల్‌కు ఇచ్చినంత ట్యూనింగ్ ఇవ్వండి. రివ్యూయర్ మొదట పట్టేది ఇక్కడే.
- గూగుల్ ఉచిత కోలాబ్ సెషన్ (ఆన్‌లైన్‌లో కోడ్ నడిపే చోటు) గరిష్ఠంగా 12 గంటలు, ముందే తెగిపోవచ్చు కూడా. ప్రతి ఎపోక్‌కూ (ట్రైనింగ్ డేటా మొత్తం ఒకసారి తిప్పడం) చెక్‌పాయింట్‌ను, అంటే అప్పటిదాకా నేర్చిన మోడల్‌ను, డ్రైవ్‌లోకి రాయండి.
- డేటా మూడు కాపీలు: ల్యాబ్ మెషీన్, బయటి హార్డ్ డిస్క్, క్లౌడ్. హార్డ్ డిస్క్‌ను ల్యాప్‌టాప్ బ్యాగులోనే పెట్టి బస్సెక్కితే రెండు కాపీలున్నా ఒకటి కిందే లెక్క.

## 8. పేపర్లు

యూజీసీ 2022 నిబంధనలు థీసిస్‌కు ముందు ప్రచురణను తప్పనిసరి చేయలేదు. మీ యూనివర్సిటీ తనంతట తాను పెట్టి ఉండొచ్చు. ఎన్ని, ఏ ఇండెక్స్‌లో అన్నది రెగ్యులేషన్స్‌లో చూడండి. కేర్ జాబితాను (యూజీసీ ఆమోదించిన పత్రికల జాబితా) యూజీసీ 2025లో ఎత్తేసింది, కాబట్టి "కేర్‌లో ఉంది" అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

వారంలో అంగీకారం, ముందే డబ్బు, మీ రంగానికి సంబంధం లేని శీర్షికలతో నిండిన సంచిక: ఈ మూడింటిలో ఏది కనిపించినా తప్పుకోండి. స్కోపస్‌లో (పరిశోధన పత్రికల అంతర్జాతీయ సూచీ) ఉందని చెబితే పత్రిక ఇచ్చిన లింకును నొక్కకుండా స్కోపస్ సోర్స్ జాబితాలో ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రిక గుర్తింపు నంబరు) కొట్టి, కవరేజీ ఇంకా నడుస్తోందో లేదో చూడండి. పేరు కాపీ కొట్టిన నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. పేపరు రాసిపెడతామనే కన్సల్టెన్సీల గురించి చెప్పాల్సింది ఒక్కటే: వాళ్లు రాసిన పేపరును వైవాలో సమర్థించాల్సింది మీరు.

## 9. మధ్యలో ఆగిపోతే

గైడ్ డ్రాఫ్ట్ తిరిగి ఇవ్వడం లేదు. మొత్తం చాప్టర్ కాక రెండు పేజీలు, రెండు ప్రశ్నలతో ఇవ్వండి, కలిసే తేదీ ముందే ఖాయం చేసుకోండి. రెండు నెలలైనా కదలకపోతే కమిటీ ప్రజెంటేషన్‌లో "ఫలానా తేదీ నుంచి రివ్యూలో ఉంది" అని స్లైడ్‌లో పెట్టండి. ఫిర్యాదులా వినిపించకూడదు, వివరంలా ఉండాలి.

మీ ఆలోచన వేరేవాళ్లు ముందే ప్రచురించారు. వాళ్ల డేటా, షరతులు మీ వాటితో ఎక్కడ వేరో ఒక పేజీ రాయండి. చాలాసార్లు మీ పని వాళ్ల పద్ధతికి పరీక్షగా మారుతుంది.

పెళ్లయి ఊరు మారాల్సి వచ్చింది. మహిళా స్కాలర్లు షరతులకు లోబడి పరిశోధన డేటాను వేరే సంస్థకు బదిలీ చేసుకోవచ్చు. మాతృసంస్థకు, పాత గైడ్‌కు దక్కాల్సిన గుర్తింపు ఇవ్వాలి.

## 10. సినాప్సిస్ (థీసిస్ సారాంశం) నుంచి వైవా

థీసిస్ రాతకు ఆరు నెలలు కేటాయించండి. మధ్య చాప్టర్లతో మొదలుపెట్టండి, పరిచయం చివర రాయండి. సమర్పణకు ముందు కమిటీ ఎదుట బహిరంగ ప్రజెంటేషన్ ఉంటుంది.

ప్లాజియరిజం సంఖ్య దగ్గర అనవసర భయాలున్నాయి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పించకూడదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రెఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. మీ సొంత ప్రచురిత పేపర్ల పాఠం పోలికగా చూపిస్తే వాటిని చాప్టర్ మొదట్లో ఉటంకించి, మినహాయింపుకు గైడ్ ధ్రువీకరణ తీసుకోండి. పదాలు మార్చి సాఫ్ట్‌వేర్‌ను ఏమార్చాలని చూస్తే వాక్యాలు పాడవుతాయి, పరీక్షకుడికి వెంటనే తెలుస్తుంది.

థీసిస్ కనీసం ఇద్దరు బయటి పరీక్షకులకు వెళ్తుంది. ఒకరు తిరస్కరిస్తే మరొకరికి పంపుతారు. వాళ్లు ఒప్పుకుంటేనే వైవా. సమర్పించిన నాటి నుంచి ఫలితం దాకా ఆరు నెలల్లో ముగించాలన్నది నియమం. ఆరో నెల దాటితే పరీక్షల విభాగానికి ఇన్‌వార్డ్ నంబరుతో లేఖ ఇవ్వండి, నోటిమాట అడగడం పని చేయదు.

వైవాకు పరీక్షకుల ప్రతి వ్యాఖ్యకూ పేజీ నంబరుతో జవాబు పట్టిక సిద్ధం చేయండి. "మీ పని వల్ల కొత్తగా తెలిసింది ఏమిటి?" అన్న దానికి రెండు నిమిషాల జవాబు అద్దం ముందు కాదు, వేరే బ్రాంచి స్నేహితుడి ముందు చెప్పి చూడండి.

వైవా అయ్యాక సవరించిన సాఫ్ట్ కాపీ శోధ్‌గంగకు వెళ్లాలి. పేటెంట్ ఆలోచన ఉంటే ఆ అప్‌లోడ్‌కు ముందే దరఖాస్తు పెట్టాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికిచ్చినప్పుడు "యూజీసీ పిహెచ్‌డీ నిబంధనలకు అనుగుణంగా" అన్న వాక్యం ఉందో లేదో కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ దరఖాస్తుల్లో అడిగేది ఆ వాక్యాన్నే.